మీసం కింది గాలి

మా ఆయన గురక సంగతి పెళ్లయిన మూడో రోజు మా అత్తగారు చెప్పింది. "వాడు నిద్రల జర సప్పుడు జేస్తడు బిడ్డా, బుగులుపడకు" అంది. ఆమె చెప్పిన ఆ జర ఎంతో ఆ రాత్రికే తెలిసింది. ఇంటి వెనక కొట్టంలో కట్టేసిన ఎడ్లు కూడా లేచి నిలబడేవి. వాటికైనా తలుగు విప్పితే పోయే దారి ఉంది. నాకు ఆ సౌకర్యం లేదు.

అది డెబ్బైల నడుమ సంగతి. మాది జగిత్యాల పక్కన ఊరు. నేను ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మను. ఆయనకు బస్సులు ఆగే చోట రేకుల షెడ్డు ఉండేది. మోటర్లకు వైండింగు, ఆయిల్ ఇంజన్ల మరమ్మతు, బావుల్లో పంపులు బిగించడం ఆయన పని. చుట్టుపక్కల ఏ ఊళ్లో మోటరు నీళ్లెత్తకపోయినా మా ఇంటికే మనిషి వచ్చేవాడు. పైపులో ఎక్కడ గాలి పీలుస్తున్నదో చెవి ఆనించి చెప్పేసేవాడని పేరు. ఆ పేరును ఆయన మీసంతో సమానంగా పెంచుకున్నాడు. మీసం గురించి తర్వాత చెప్తాను. ఆ మీసం గురించి ఆగి చెప్పకపోతే ఆయనకు కోపం వస్తుంది.

గురకతో పదిహేనేళ్లు కాపురం చేస్తే అలవాటయిపోతుంది. అలవాటు కానిది, ఆ గురక ఆగిపోవడం. తొంభైల మొదట్లో ఆయన ఒళ్లు బాగా పెరిగింది, మెడ లావయింది. అప్పటినుంచి గురక నడుస్తూ నడుస్తూ టక్కున ఆగేది. ఛాతీ లేచేది, కానీ గాలి లోపలికి పోయేది కాదు. నేను వేళ్లు మడిచి లెక్కపెట్టేదాన్ని. పది, పదిహేను, ఇరవై. ఒక్కోసారి ఇరవై దాటేది. అప్పుడు గుంజుకున్నట్టు ఒక్క ఊపిరి తీసి మళ్లీ మొదలుపెట్టేవాడు. పొద్దున్నే లేచి "మంచిగ నిద్ర పట్టింది, నీకెందుకు మొఖం గట్ల గుంజుకపోయింది?" అని నన్నే పరామర్శించేవాడు.

రాత్రి పట్టిన ఆ మంచి నిద్ర పగలు కూడా పట్టేది. విప్పిన మోటరు ముందు పానా చేతిలో పట్టుకుని నిద్రపోయేవాడు. పెళ్లి భోజనాల్లో విస్తరి ముందు నిద్రపోయేవాడు. ఒక మధ్యాహ్నం స్కూటరు నడుపుతూ నిద్రపోయి పసుపు చేనులోకి నేరుగా వెళ్లిపోయాడు. బర్రె అడ్డం వచ్చిందని చెప్పాడు. ఆ బర్రెను ఆయన తప్ప ఊళ్లో ఎవరూ చూడలేదు, దాని యజమాని కూడా ఈనాటి దాకా దొరకలేదు.

పసుపు చేను తర్వాత నేను ఏడ్చి, అలిగి, చివరికి మా మామగారితో చెప్పించి హైదరాబాదుకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు నేను చెప్పింది అంతా విన్నాడు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతున్నదనీ, ఆగినప్పుడల్లా గుండె మీద భారం పడుతున్నదనీ, ఇట్లాగే వదిలేస్తే ఒకనాడు ఆ ఆగడం ఆగడమే అవుతుందనీ చెప్పాడు. ముక్కుకు మాస్కు పెట్టుకుని పడుకోవాలి, దాంట్లోకి మిషను గాలి కొడుతూ గొంతు మూసుకోకుండా చూస్తుంది అన్నాడు. అటువంటి మిషను ఇక్కడ దొరకడం కష్టం, బయటి దేశంలో ఎవరైనా ఉంటే తెప్పించుకోండి అన్నాడు. మా జిల్లాలో బయటి దేశంలో ఎవరూ లేని ఇల్లు ఎక్కడుంది? మా మరిది మస్కట్‌లో ఒక పెద్దింట్లో కారు నడిపేవాడు. ఆ ఇంటి పెద్దాయనకు ఇదే జబ్బు. ఆయన కొత్త మిషను కొనుక్కుని పాతది మా మరిదికి ఇచ్చేశాడు. మరుసటి సెలవుకు మా మరిది దాన్ని రెండు కంబళ్ల మధ్య చుట్టి తెచ్చి, నేలమీద పెట్టి, "వదినె, ఇగ నువ్వు నిద్రపోవచ్చు" అని చెప్పి సెలవు అయిపోగానే మస్కట్ వెళ్లిపోయాడు.

బూడిదరంగు డబ్బా, దానికి ముడతల పైపు, పైపు చివర ముక్కుకు తొడిగే మూడు మూలల మాస్కు, తల వెనక్కి కట్టుకునే పట్టీలు. మాస్కు అంచుకు మెత్తని రబ్బరు. ఆ అంచు ముక్కు దూలం మీద మొదలై, రెండు చెంపల పక్కనుంచి దిగి, పైపెదవి మీద ఆనాలి. మా ఆయన పైపెదవి మీద అప్పటికే వేరొకటి ఆని ఉంది.

మొదటిరోజు మధ్యాహ్నమే పెట్టి చూశాం. మిషను ఆన్ చేయగానే పెదవి దగ్గర పుర్రుమని గాలి. పైనుంచి తన్నిన గాలి కళ్లలోకి కొట్టి కళ్లు ఎర్రబడ్డాయి. లోపలికి పోవలసిన గాలి తప్ప మిగతా గాలంతా సక్రమంగా వస్తున్నది. ఆయన మాస్కు తీసి నవ్వాడు.

"గింతేనా? లీకు. నా చేతుల గీ లీకు ఎంతసేపు?" అన్నాడు.

నాలుగు నెలలు.

మొదట పట్టీలు బిగించాడు. పంపు గ్లాండు దగ్గర నీళ్లు కారితే నట్టు బిగిస్తారు, ఇంకా కారితే ఇంకా బిగిస్తారు. ఆ విద్యనే మొఖం మీద ప్రయోగించాడు. ఎంత బిగిస్తే రబ్బరు అంత నలిగి అంత కొత్త చోటు నుంచి గాలి పోయేది. పొద్దున్నే చెంపల మీద మాస్కు ఆకారం అచ్చుగుద్దినట్టు ఉండేది. షెడ్డుకు వచ్చిన వాళ్లు కొట్లాట అయిందా అని అడిగేవాళ్లు. ఎవరితో అయిందని అడగకుండానే నావైపు చూసేవాళ్లు.

తర్వాత సైకిలు ట్యూబు కత్తిరించి వాషరు తయారుచేశాడు. దాన్ని పంక్చరు సొల్యూషన్‌తో మాస్కు లోపలి అంచుకు అతికించాడు. అది ఆరకముందే ముక్కుకు పెట్టుకుని మిషను వేశాడు. ఆ వాసన మొత్తం నేరుగా తలకెక్కి ఆరోజు మాత్రం నిజంగా నిద్రపోయాడు. లేచాక రెండు పూటలు అన్నం తినలేదు. మరుసటివారం పైపుల మరలకు చుట్టే సుతిలి, దానికి పూసే సఫేదా తెచ్చాడు. వాటిని నేను బియ్యం డబ్బాలో దాచాను. దాచినందుకు నాకు మరమ్మతులంటే గౌరవం లేదన్నాడు.

అన్నిటికన్నా గొప్ప మరమ్మతు ఇంకొకటుంది. మాస్కు ముందు భాగంలో వరసగా సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోంచి గాలి వస్తూ ఉంటుంది. ఒక మెకానిక్కు కళ్లముందు రంధ్రంలోంచి గాలి రావడమంటే అవమానం. "అసలు దొంగ ఈడున్నడు" అని ఆ రంధ్రాలన్నిటికీ ట్యూబు ముక్క అతికించి మూసేశాడు. అరగంట పడుకుని చెమటతో లేచి కూర్చున్నాడు. తల పగిలిపోతున్నదన్నాడు. నాకు అనుమానం వచ్చి మరిది తెచ్చిన సంచిలో వెతికితే చిన్న కాగితం దొరికింది. సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. నా ఇంగ్లీషు నాలుగో తరగతికి చాలేంతే, అయినా అర్థమయింది. మనిషి వదిలిన చెడుగాలి బయటికి పోవడానికే ఆ రంధ్రాలు, వాటిని ఎప్పుడూ మూయరాదు అని రాసి ఉంది. చెంపపిన్నుతో గోకి గోకి ట్యూబు ముక్క ఊడదీశాను. నా మొగుడు చావకుండా తెప్పించిన మిషనుతోనే చచ్చేవాడు, అదీ తన పనితనంతో.

కాగితంలో ఇంకా కొన్ని విషయాలున్నాయి. పట్టీలు వదులుగా పెట్టుకోవాలట. పడుకుని, గాలి నడుస్తుండగా సరిచేసుకోవాలట. మొఖం కడుక్కుని నూనె జిడ్డు లేకుండా చూసుకోవాలట. అన్నీ చదివి వినిపించాను. "రాసినోడు ఎప్పుడన్నా బాయిల దిగిండా?" అని అడిగాడు. దానికి కాగితంలో జవాబు లేదు.

అట్లా ఒక ఆదివారం మధ్యాహ్నం సబ్బునీళ్ల పరీక్ష దాకా వచ్చాం. పంక్చరు ఎక్కడుందో తెలియాలంటే ట్యూబును నీళ్లలో ముంచుతారు. మొఖాన్ని ముంచలేం కనుక సబ్బు నురగ పూసి చూడాలన్నాడు. ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని మాస్కు పెట్టుకున్నాడు, చేతిలో అద్దం. నేను గడ్డం గీసుకునే బ్రష్షుతో మాస్కు అంచు చుట్టూ నురగ పూశాను. మామగారు వాకిట్లో గద్దె మీద కూర్చుని తలుపులోంచి చూస్తున్నారు. మిషను వేశాం. ముక్కు దూలం దగ్గర ఒక్క బుడగ లేదు. చెంపల దగ్గర లేదు. పైపెదవి మీద మాత్రం, ఈ చివరనుంచి ఆ చివర దాకా, మీసం వెంట్రుకల సందుల్లోంచి బుడగలు పుట్టి, పెరిగి, పగిలి, మళ్లీ పుట్టాయి. మీసం మొత్తం ఉడుకుతున్న అన్నం గంజిలా అయింది.

ఆయన అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు. మాస్కు తీశాడు.

"రబ్బరు ఖరాబున్నది" అన్నాడు.

నేను బ్రష్షు కడగడానికి వెళ్లిపోయాను.

చెప్పొచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. ఆ మీసం తీసేయండి, మాస్కు కూర్చుంటుంది అని. చెప్పలేను. మా ఇళ్లల్లో మగవాడు మీసం తీసేది తల్లి పోయినప్పుడు, తండ్రి పోయినప్పుడు. మా అత్తగారు పోయినప్పుడు ఆయన ఒకసారి తీశాడు. రెండోసారి తీసేది ఎప్పుడో ఊళ్లో అందరికీ తెలుసు. ఆ రెండోసారికి కారణం కావలసిన మనిషి ఎనభై దాటి, పళ్లు లేకపోయినా జొన్నరొట్టె పాలల్లో నానబెట్టుకుని తింటూ, గద్దె మీద నిమ్మళంగా కూర్చుని ఉన్నాడు. తండ్రి బతికుండగా కొడుకు నున్నటి పెదవితో తిరిగితే తండ్రి చావు కోరుకున్నట్టు. ఇక కోడలు ఆ మాట నోట్లోంచి తీస్తే ఏమంటారో చెప్పనక్కర్లేదు. అంచులు కొంచెం కత్తిరిస్తే ఎట్లా ఉంటుందని ఒకసారి అన్నాను. ఎంతో త్యాగం చేసినట్టు అటు రెండు, ఇటు రెండు వెంట్రుకలు కత్తిరించుకున్నాడు. గాలికి ఆ నాలుగు వెంట్రుకలతో పేచీ ఏమీ లేదు.

మిషను గూట్లోకి ఎక్కింది. దానిమీద కుట్టుపూల గుడ్డ కప్పాను. వచ్చినవాళ్లకు ఆయన గుడ్డ ఎత్తి చూపించేవాడు. "మా తమ్ముడు మస్కట్‌కెళ్లి తెచ్చిండు. ఊపిరి మిషను" అని గర్వంగా చెప్పేవాడు. నేను మళ్లీ వేళ్లు మడవడం మొదలుపెట్టాను. ఇరవై, ఇరవై ఐదు. నాకు భయంగా ఉండేది. పగలు ఎన్ని వెటకారాలాడినా, ఆ లెక్క దగ్గర నాకు నోరు లేచేది కాదు. ముప్పై రాకూడదని మాత్రం మొక్కుకునేదాన్ని.

ఒకరోజు షెడ్డులో ఇంజను నడుస్తుండగా నిలబడి నిద్రపోయాడు. అంగీ చెయ్యి బెల్టులో పడింది. పక్కనున్న మనిషి ఇంజను ఆపాడు కనుక చేయి మిగిలింది, ఒక వేలి గోరు పోయింది. అంగీ ఉత్తదని, కంపెనీ బట్ట అయితే పట్టుకునేదే కాదని ఆయన నిర్ధారణ.

గోరు పోయిన సంగతి విని మా అన్న చూడటానికి వచ్చాడు. మా అన్న బెల్లంపల్లిలో బొగ్గుబాయి పని చేసేవాడు. బాయిలో గ్యాసు పట్టినా, నిప్పంటుకున్నా లోపలికి దిగి మనుషుల్ని బయటికి తెచ్చే దళంలో ఉన్నాడు. చాయ్ తాగుతూ గూట్లో గుడ్డ ఎత్తి చూశాడు. మాస్కు చేతిలోకి తీసుకుని అంచు నొక్కి చూశాడు. తర్వాత మా ఆయన మొఖం చూశాడు.

"రబ్బరు మంచిగనే ఉన్నది గద బావా. మీసం తియ్యక పెట్టుకుంటున్నవా?"

మా ఆయన గోరు లేని వేలికి కట్టిన గుడ్డ సరిచేసుకున్నాడు.

"మా దగ్గర గసోంటియి పెట్టుకోనే దిగుతం. దిగే రోజు గడ్డం గీసుకోకుంటే లైన్లకెళ్లి ఎల్లగొడ్తరు. ఒక్క ఎంట్రుక అడ్డమున్నా గాలి నిలువది. గీ ముచ్చట నీకు చెప్పాల్నా? నువ్వే లీకులు పట్టేటోనివాయె."

"మా బాపు గాడ కూసోనుండంగ నేను మీసం తీస్తనా?" అన్నాడు మా ఆయన, గొంతు తగ్గించి.

"నాకేం ఎరుక. బాయిలైతే మీసమున్నోడు బయటికి రాడు."

మా అన్న అంతే మాట్లాడి పొద్దుమూకకముందే బస్సెక్కాడు. నేను వాకిట్లోకి చూశాను. మామగారికి చెవుడు అని ఊరంతా అనుకుంటారు. భోజనానికి నాలుగుసార్లు పిలిస్తే గానీ వినపడదు. ఆ సాయంత్రం ఒక్క పిలుపుకే లేచి వచ్చి, తిని పడుకున్నారు.

తెల్లారి పొద్దున్నే మంగలాయన వచ్చాడు. మామగారికి గడ్డం చేసే రోజు కాదది. కబురు మామగారే పంపించారు. వాకిట్లో కుర్చీ వేయించి, తను కూర్చోకుండా, కర్ర పట్టుకుని పక్కన నిలబడ్డారు. షెడ్డుకు బయల్దేరుతున్న కొడుకును పిలిచారు.

"గీడ కూసో."

"ఎందుకే బాపు?"

"మీసం తియ్యనీకె."

మంగలాయన కత్తి పొదిలో పెట్టేసుకున్నాడు. "పెద్దయ్యా, గిది నాతోని గాదు. మీరు సల్లగుండంగ నేను గిసోంటి పని చేస్తే ఊరోళ్లు నన్ను బతకనిస్తరా?"

"నేను పోయినంక నువ్వే జేస్తవు గద. గప్పుడు సూడనీకె నేనుండ. ఇప్పుడైతే ఎట్ల జేస్తున్నవో సూస్త."

మా ఆయన అక్కడినుంచి కదలలేదు, కూర్చోలేదు. "నాకేం కాదు బాపు. ఫికర్ జెయ్యకు. కొత్త రబ్బరు తెప్పిస్త" అన్నాడు.

అప్పుడు మామగారు కర్ర నేలకు ఆనించి, కొడుకు దగ్గరికి వచ్చి, మెల్లగా అన్నారు.

"నా కోసం నువ్వు తీస్తవు, సరే. నీ కోసం తియ్యనీకె నీ కొడుక్కు ఇంక మీసమే రాలే కద బిడ్డా."

మా కొడుకు అప్పుడు నిర్మల్‌లో హాస్టల్లో ఉండి ఆరో తరగతి చదువుతున్నాడు. మా ఆయన కుర్చీలో కూర్చున్నాడు. నేను తలుపు పట్టుకుని ఏడ్చాను. మంగలాయన నీళ్లు అద్ది, కత్తి పెట్టాడు. వాకిట్లో అంత మీసం రాలింది. మామగారు చివరిదాకా నిలబడే చూశారు.

ఆ మధ్యాహ్నం ఆయన మొఖం సబ్బుతో కడుక్కున్నాడు. పడుకున్నాక మాస్కు పెట్టి పట్టీలు వదులుగా బిగించాను, మిషను వేసి అంచు కొంచెం సర్దాను. నురగ పూశాను. పెదవి మీద ఒక్క బుడగ లేదు. పుర్రుమనే చప్పుడు లేదు. ఆయన అప్పటికే నిద్రపోయాడు. ఛాతీ లేస్తూ దిగుతూ ఉంది, ఆగలేదు. నేను వేళ్లు మడవడానికి సిద్ధంగా కూర్చున్నాను. మూడు గంటలు కూర్చున్నాను, లెక్క మొదలుపెట్టే పని రాలేదు.

తర్వాతి వారం మాకు తీరిక దొరకలేదు. నున్నటి పెదవితో షెడ్డుకు పోయిన మనిషిని జనం ఊరికే వదులుతారా? మామగారు పోయారని చుట్టుపక్కల ఊళ్లకు కబురు పాకింది. పరామర్శకు జనం వచ్చారు. మెట్‌పల్లి నుంచి ఒక ముసలమ్మ, మా అత్తగారికి దూరపు చుట్టం, వాకిలి దాకా శోకం పెట్టుకుంటూ వచ్చి గద్దె మీద మామగారిని చూసి శోకం సగంలో ఆపేసింది. ఆయన ఆమెను కూర్చోమని, చాయ్ తెమ్మని నాకు చెప్పి, "పోయింది నేను గాదు అక్కా, మావాని గుర్రు. మంచిగనే బతికింది, ఇరవై ఏండ్లు" అన్నారు. ఆమె వచ్చినందుకు మిగిలిన శోకం కూడా పెట్టి, తిని వెళ్లింది. ఎవరు వచ్చినా ఆయన అదే జవాబు చెప్పేవారు. తన చావుకు వచ్చిన వాళ్లకు తనే మర్యాదలు చేసుకునే భాగ్యం ఎందరికి ఉంటుంది? పరామర్శకు రాలేదని ఇద్దరు ముగ్గురి పేర్లు గుర్తు కూడా పెట్టుకున్నారు.

ఆ హడావిడి తగ్గాక ఒక పొద్దున చాయ్ ఇవ్వడానికి వెళ్తే మామగారి కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్ర పట్టలేదా అని అడిగాను.

"పడుతలేదు బిడ్డా. సప్పుడు లేదు గద."

నేను నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. తన మంచం వేసుకునే గోడ వైపు చూపించారు. ఆ గోడకు అవతల మా గది.

"వాడు గుర్రు పెడుతుంటే నాకు ఫికర్ లేకుండె. ఆగినప్పుడల్ల లేచి కూసునేటోన్ని. మళ్ల మొదలైతే పండుకునేటోన్ని. ఎన్నేండ్లాయెనో. మీ అత్త ఉన్నన్ని రోజులు ఆమె కూసునేది, ఆమె పోయినంక నేను కూసుంటున్న. ఇప్పుడు అంత మంచిగైంది అంటున్నరు. నాకు మాత్రం సప్పుడు ఆగినట్టే ఉంటది. లేచి కూసుంట."

నేను ఇన్నేళ్లు ఒక్కదాన్నే మేలుకుని ఉన్నాననుకున్నాను. ఆ సంగతి మీద ఎన్నిసార్లు ఆ ఇంటివాళ్లను మనసులో తిట్టుకున్నానో. మామగారికి చెవుడని నవ్వుకున్నాను కూడా.

మా ఇళ్లల్లో మామ ముందు కోడలు కూర్చోదు. ఆరోజు బడికి ఆలస్యమవుతున్నా, చాయ్ గ్లాసు ఆయన చేతికిచ్చి, గద్దె మీద ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన కొంచెం జరిగి చోటిచ్చారు.